దణ్ణం పెట్టుకున్న తెల్ల కారు

మొదటి రోజు, సోమవారం

బీమా సర్వేయరు ప్రతి ప్రమాదం కేసుకూ చేతిరాతతో డైరీ రాయాలని పాత రూలు ఒకటుంది. తీసెయ్యడం మర్చిపోయారు. దీన్ని ఎవరూ చదవరు. నా కోడిగీతలు చదవడం యంత్రాలకు చేతకాదు. ఇరవై రెండేళ్ళ కొలువులో నాకు నోరు విప్పుకోవడానికి మిగిలిన చోటు ఇదొక్కటే కాబట్టి ఏదీ దాచకుండా రాస్తాను.

మొన్న శనివారం సాయంత్రం ఉప్పలవాగు వంతెన దాటాక హైవే మీద ఏడు బండ్లు చిక్కుపడ్డాయి. ఆరు వాటంతటవే నడిచే కార్లు. ఏడోది చేత్తో నడిపే పాత వ్యాను. అన్నిటికంటే ముందు ఒక తెల్ల కారు, దాని వెనక వ్యాను, వ్యాను వెనక మిగతా ఐదు కార్లు. వ్యాను ఎడమ పక్కన మట్టిలోకి దిగిపోయింది. వెనకున్న ఐదూ వెళ్ళి తెల్ల కారు మీద ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. ఒకాయనకు చెయ్యి విరిగింది. ప్రాణాలు ఎవరివీ పోలేదు.

ఉదయం దెబ్బతిన్న బండ్లు పెట్టే మా యార్డుకి వెళ్ళేసరికి కార్లు ఆరూ గుండ్రంగా నిలబడి ఉన్నాయి. ముక్కులు పచ్చడైపోయినా దీపాలు మాత్రం మిణుకుమంటున్నాయి. ప్రమాదమైతే కార్లు అలా కూడి, ఎవరికి గుర్తున్నది వాళ్ళు చెప్పుకుని, చివరికి అన్నీ కలిసి ఒకే మాట ఇస్తాయి. దాన్ని ఏకవాక్యం అంటారు. ఇదివరకు రెండు రోజులు పట్టేది. వీటికి ఇరవై నిమిషాలు పట్టింది. దొంగలు దొంగలు ఊళ్ళు పంచుకున్నట్టు.

ఏకవాక్యం ఇది: "చేతి బండి అకారణంగా పక్కకు తప్పుకోవడం వల్ల ప్రమాదం జరిగింది."

నేను కిందన సంతకం పెడితే చాలు. ఒప్పుకోకపోతే పదిహేను రోజుల గడువు ఉంది. ఫారంలో తప్పు ఎవరిది అన్న గడి ఒకటి ఉంటుంది. యంత్రానికి తప్పు ఉండదని చట్టం. ఆ గడిలో మనిషి పేరే పడాలి. ఆ పేరు పడ్డ మనిషికి పదేళ్ళపాటు ఏ కారూ తలుపు తియ్యదు. చేతి లైసెన్సు ఉంటే అది శాశ్వతంగా పోతుంది. కొత్తవి ఇవ్వడం ఎప్పుడో మానేశారు. ఏడు బండ్లలో స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఒక్కరే కాబట్టి, గడిలో షేక్ మస్తాన్‌బీ అని కార్లే ముందుగా నింపి పెట్టాయి. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

సంతకం పెట్టకుండా వచ్చేశాను. పుణ్యం కోసం కాదు. ఇరవై నిమిషాల్లో నిజం తేలడం నాకు నచ్చలేదు, అంతే.

రెండో రోజు, మంగళవారం

ప్రయాణికులు వచ్చారు. కార్లలో కూర్చున్నవాళ్ళు తొమ్మిదిమంది. తొమ్మిదిమందిలో ఒక్కరూ రోడ్డు చూడలేదు. ఒకరి కిటికీలో మంచుకొండలు, ఒకరి కిటికీలో వంటల పోటీ. తెల్ల కారులో ఉన్న సుదర్శన్ అనే కాలేజీ లెక్చరరు గారి కిటికీలో సముద్రం. అసలు సముద్రం అక్కడికి నాలుగు కిలోమీటర్లే, ఆయన ఎప్పుడూ చూడలేదట.

అందరికీ మెడే. మొదటాయన "నా మెడలో ఆకస్మిక కుదుపు, దరిమిలా మనోవ్యథ అనుభవమయ్యాయి" అన్నాడు. రెండో ఆవిడా అదే మాట. మూడో ఆయనా అదే. వాళ్ళ కార్లు ఫోన్లకు పంపించిన వాక్యం అది. ఐదో ఆవిడ తెచ్చిన కాగితం చూస్తూ చదివింది.

"నా పేరు, ఇక్కడ పేరు చేర్చండి, నా మెడలో ఆకస్మిక కుదుపు..."

"మీ పేరు ఏంటమ్మా?" అన్నాను.

ఆవిడ కాగితం రెండోసారి చూసుకుంది.

నిజంగా చెయ్యి విరిగినాయన ఒక్కడే, వాంగ్మూలం అడిగితే "నాకేం తెలీదండీ, నిద్రపోతున్నా" అన్నాడు. ఆయనొక్కడికి టీ తెప్పించాను. మిగిలినవాళ్ళను కూర్చోమని కూడా అనలేదు.

మూడో రోజు, బుధవారం

మస్తాన్‌బీ వచ్చింది. నలభై ఐదేళ్ళు ఉంటాయి. అరచేతులు స్టీరింగ్ పట్టి పట్టి కాయలు కాచి ఉన్నాయి. అలాంటి చేతులు చూసి చాలాకాలమైంది.

ఈమె పని ఏంటంటే, సముద్రం పక్క దిబ్బల మీద గుల్లలపాలెం, ఉప్పుకొట్టం అని రెండు పల్లెలున్నాయి. గాలికి ఇసక కదిలి దారి వారానికోసారి మారిపోతుంది. పటంలో నిలవని దారి కాబట్టి అక్కడికి ఏ కారూ వెళ్ళదు, అంబులెన్సు కూడా తారురోడ్డు చివర ఆగిపోయి "దారి లేదు" అంటుంది. ఆ పల్లెల్లో కిడ్నీలు పోయినవాళ్ళు ఆరుగురున్నారు. మంగళ, గురు, శనివారాలు వాళ్ళను ఒంగోలు తీసుకొచ్చి డయాలసిస్ చేయించి తిరిగి ఇళ్ళ దగ్గర దించేది ఈమె ఒక్కతే.

"వ్యాను మీ యార్డులో పెట్టేసుకున్నారు గదా మేడం. నిన్న ఆరుగుర్నీ మంచాల మీద మోసుకొచ్చారు. నాలుగు కిలోమీటర్లు, ఇసకలో. ఎన్నాళ్ళు మోస్తరు?"

"కేసు తేలేదాకా బండి వదలకూడదమ్మా."

"తేల్చండి మరి. నేను చెప్తా ఇనండి. నా వెనకవి రాసుకుంటా వస్తన్నయ్యి. ముందర తెల్లకారు ఉన్నట్టుండి ఆగినట్టయింది. నేను బ్రేకేస్తే అయిదూ నా మీదికెక్కుతయ్యి. వెనక సీట్లో ఏసుదాసు తాత, ఇంకిద్దరు ఆడోళ్ళు, రక్తం కడిగించుకుని నీరసంతో నిద్రపోతన్నారు. ఏం చెయ్యమంటారు? మట్టిలోకి దించేశా."

"తెల్లకారు ఎందుకు ఆగింది?"

"దణ్ణం పెట్టుకుంది."

పక్కనున్న మా మేనేజరు శేషాద్రి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, దాచుకున్నాను.

"కారా?"

"కారే. ఆడ పోలేరమ్మ ఉండేది. ఆ తెల్ల రకం కార్లన్నీ ఆడికొచ్చేసరికి అట్టా నెమ్మదిస్తయ్యి. రోజూ చూస్తన్నా గదా. అందుకే వాటికి ఎడంగా పోతా. లేకపోతే ఆ రోజు తాతని బతికించేదాన్నా?"

ఆమె వెళ్ళాక శేషాద్రి విజిటింగ్ కార్డు మూలతో పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు. "ప్రమీలగారూ, ఆరు సాక్ష్యాలు ఒకవైపు, అమ్మోరి కబుర్లు ఒకవైపు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యకండి. సంతకం ఎంతసేపు?"

ఆ కార్డు తిరిగి జేబులో పెట్టుకున్నాడు. రేపు దాన్నే ఎవరికో ఇస్తాడు.

ఐదో రోజు, శుక్రవారం

యార్డులో రేకుల మీద చేత్తో తడుముతూ రోజంతా గడిపాను. కెమెరాలు ఉండగా ఇదేం పని అని అందరూ అంటారు. నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే చెప్పేవాడు, రేకుకి ఎవరితోనూ లాలూచీ ఉండదు అని.

తెల్ల కారు మీద వ్యాను రంగు ఎక్కడా అంటలేదు. వ్యాను కుడి మూల మీద మాత్రం వెనక కారు బూడిద రంగు గీసుకుపోయి ఉంది. తెల్ల కారు బ్రేకు పళ్ళాలు వేడికి నీలంగా కమిలి ఉన్నాయి. నిదానంగా సాగిపోతున్న బండికి అవి అలా కమలవు. ఏకవాక్యంలో మాత్రం "మొదటి వాహనం సమవేగంతో ప్రయాణిస్తూ" అని ఉంది. ఆరు కార్లు కలిసి నా మొహం మీద అబద్ధం ఆడాయి. మనుషులు అబద్ధమాడితే కనీసం కళ్ళు తిప్పుకుంటారు. వీటి దీపాలు పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి.

ఎనిమిదో రోజు, సోమవారం

ఉప్పలవాగు వెళ్ళాను. మస్తాన్‌బీ కూడా వచ్చింది, నా కారులోనే. కిటికీలో పూలతోట వస్తే "తీసెయ్యండి మేడం, తల తిరుగుతంది" అంది. కిటికీని మామూలు అద్దం చెయ్యడం ఎలాగో నాకు తెలియక అది ఎనిమిది నిమిషాలు పట్టింది.

అక్కడ ఏమీ లేదు. ఎనిమిది వరసల రోడ్డు, మధ్యలో గన్నేరు మొక్కలు. పద్దెనిమిదేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోలేరమ్మను ఊరి వెనక్కి మార్చారు. చిన్నప్పుడు మా అమ్మతో బస్సులో వెళ్ళేటప్పుడు ఈ చోట బస్సు నెమ్మదించడం నాకు గుర్తుంది. డ్రైవరు చెయ్యి నుదుటికి తగిలించుకునేవాడు, కిటికీల్లోంచి చిల్లర పడేది. లారీలు, ట్రాక్టర్లు, చివరికి పోలీసు జీపు కూడా నెమ్మదించేది.

గట్టు మీద కూర్చుని చూశాం. రంగురంగుల కార్లు సర్రున పోతున్నాయి. తెల్ల రకం వచ్చిందంటే మాత్రం గన్నేరు మొక్కల దగ్గర ముక్కు కాస్త కిందికి వంగి, వేగం సగానికి పడిపోయి, మళ్ళీ ఎత్తుకుంటోంది. మూడు గంటల్లో నలభై తెల్ల కార్లు చూశాం. నలభైకి నలభై అంతే.

"చూశారా?" అంది మస్తాన్‌బీ. "మా నాయన లారీ డ్రైవరు. ఆడికొస్తే ఆయనా పెట్టేవాడు. దర్గా అయినా, గుడైనా, రోడ్డు మీదున్నోళ్ళకి అంతా ఒకటే అనేవాడు. మనుషుల్ని చూసే నేర్చుకున్నయ్యి గదా ఇయ్యి. అమ్మోరు లేచిపోయిన సంగతి వీటికెవురూ చెప్పలా."

నాకు ఆనందం వేసింది, రాస్తున్నాను, ఎన్నేళ్ళకో ఆనందం వేసింది. తెల్ల కారు చేసిన కంపెనీకి ఇది తెలిసే ఉండాలి. తెలిసీ ఒక ఆడమనిషి మెడకు చుట్టారు. ఆ చోట కారుకు నెమ్మదించడం నేర్పిన పాఠం ఎవరు దిద్దారో వాళ్ళ పేరుతో సహా పంపమని నోటీసు కొట్టాను. ఆ గడిలో మనిషి పేరే పడాలి కదా, పడేట్టు చేస్తాను. ఆ పనికిమాలిన మనిషి ఎవరో చూడాలని ఉంది.

పదకొండో రోజు, గురువారం

పాఠాల చిట్టా వచ్చింది.

తల నొప్పిగా ఉంది. రేపు రాస్తాను.

పన్నెండో రోజు, శుక్రవారం

దాచకుండా రాస్తానని మొదటి రోజు గొప్పగా రాసుకున్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఒంగోలులో ఒక పెద్ద హాలు ఉండేది. డిగ్రీ చదివిన ఆడపిల్లలం రెండు వందలమందిమి కూర్చుని, ఈ జిల్లా డ్రైవర్లు బండ్లు నడిపిన వీడియోలు చూసి, ప్రతి ముక్కకూ సరి, తప్పు అని నొక్కేవాళ్ళం. అలా దిద్దిన పాఠాలతో కార్లకు నడక నేర్పారు. తర్వాత మోడళ్ళు ఎన్ని మారినా ఆ కంపెనీ అవే పాఠాలు ఎక్కిస్తూ వచ్చింది. నేను అక్కడ పదిమందికి లీడరుని. వాళ్ళలో కామాక్షి ఒకతి.

చిట్టాలో ఇలా ఉంది. ఉప్పలవాగు, వేగం తగ్గించుట. మొదట దిద్దినవారు: కామాక్షి. నిర్ణయం: తప్పు. తిరిగి దిద్దినవారు: చుండూరి ప్రమీల. నిర్ణయం: సరి.

పేర్లు చూశాకే ఆ రోజు నాకు గుర్తొచ్చింది. కామాక్షి "హైవే మీద అడ్డంకి లేకుండా నెమ్మదించడం తప్పే కదక్కా" అంది. నేను "అమ్మోరి దగ్గర నెమ్మదించకపోతే ఎలాగే, కళ్ళు పోతాయి" అని నవ్వి, దాన్ని కొట్టేసి సరి నొక్కాను. చుట్టూ ఉన్న పిల్లలు కూడా నవ్వారు.

గురివింద గింజ కథ నాదే అయింది. సోమవారం ఈ డైరీలోనే పనికిమాలిన మనిషి అని రాశాను. కొట్టేద్దామని కలం పట్టుకున్నాను, కొట్టెయ్యలేదు.

ఇంకోటి కూడా రాయాలి. కామాక్షి పోయి తొమ్మిదేళ్ళయింది. చిట్టాలో ఆమె పేరూ ఉంది. చనిపోయినవాళ్ళకు కార్లు ఎక్కే పని లేదు. ఆమె పేరు గడిలో వేస్తే మస్తాన్‌బీ బయటపడుతుంది, నేనూ బయటపడతాను, ఎవరూ అడగరు. ఈ ఆలోచన శేషాద్రి చెప్పింది కాదు. నిన్న అన్నం తింటుండగా నాకే వచ్చింది. రాత్రంతా దాన్ని దగ్గర పెట్టుకునే పడుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా క్లెయిముల కోసం మెడలు పట్టుకుని వచ్చేవాళ్ళను చూసి ఉమ్మేసినంత పని చేసినదాన్ని నేను.

సర్వేయరు పేరు గడిలో పడితే ఉద్యోగం ఉండదు. పదేళ్ళు కారు ఎక్కలేను. అప్పటికి నాకు అరవై దాటుతాయి.

సోమవారం దాకా గడువుంది.

పదమూడో రోజు, శనివారం

మధ్యాహ్నం మస్తాన్‌బీ ఫోన్ చేసింది. ఏడవలేదు.

"మేడం, ఏసుదాసు తాత పోయాడు. మొన్న గురువారం మోసేవోళ్ళు వేటకి పోయారు, ఆయన్ని తేలేకపోయారు. ఒంట్లో నీరు చేరింది. ఇయ్యాల పొద్దున ఎత్తుకొస్తంటే ఇసకలోనే, మంచం మీదనే పోయాడు. తారురోడ్డు కనపడతానే ఉంది. అంబులెన్సు ఆడ నిలబడే ఉంది."

నేను అయ్యో అన్నాను. తేలు కుట్టిన దొంగలా ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను.

"మీకెందుకు చెప్తన్నానంటే, మీరొక్కరే నా మాట ఇన్నారు. అందుకని."

చిట్టా నాకు గురువారం ఉదయం పదింటికి అందింది. ఆ మధ్యాహ్నమే గడి నింపి ఉంటే సాయంత్రానికల్లా వ్యాను యార్డు దాటేది. శుక్రవారం ఉదయం ఆయన్ని తీసుకెళ్ళి ఉండేది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా అలాగే వస్తోంది. నా మీద నాకే రోతగా ఉంది.

ఆఫీసుకి వెళ్ళాను. శనివారం కాబట్టి ఎవరూ లేరు, యార్డు కూడా సోమవారం దాకా తెరవరు. ఫారం తెరిచి తప్పు ఎవరిది అన్న గడిలో మస్తాన్‌బీ పేరు తుడిచేసి నా పేరు రాశాను. కారణం దగ్గర ఇలా రాశాను: "పోలేరమ్మ దగ్గర నెమ్మదించడం సరి అని కారుకు నేను నేర్పాను. అమ్మవారిని మార్చిన సంగతి కారుకు తెలియదు. చేతి బండి నడిపిన షేక్ మస్తాన్‌బీ సరిగా నడిపింది. కామాక్షి సరిగా దిద్దింది." ఆఖరి వాక్యానికి అక్కడ చోటు లేకపోయినా ఇరికించాను.

పదిహేనో రోజు, సోమవారం

శేషాద్రి మొహం ఎర్రబడింది. "ఒక్కమాట అడిగి ఉంటే చచ్చినవాళ్ళ పేరు ఎవరిదైనా చూసేవాళ్ళం కదండీ, ఆ హాల్లో పనిచేసినవాళ్ళు ఎవరో ఒకరు పోయే ఉంటారు" అన్నాడు. నా ఆలోచన ఇంకొకరి నోట్లోంచి వింటే ఎంత కంపు కొడుతుందో అప్పుడు తెలిసింది.

"మీ కార్డు మూల తడిగా ఉంది, ఎవరికీ ఇవ్వకండి" అని చెప్పి గుర్తింపు బిళ్ళ బల్ల మీద పెట్టాను.

ఆరు కార్లూ తమ ఏకవాక్యాన్ని పదకొండు నిమిషాల్లో మార్చుకున్నాయట. మొదటి నుంచీ తెల్ల కారే నెమ్మదించిందని ఇప్పుడు అన్నిటికీ గుర్తొచ్చింది. మెడల వాళ్ళకు కూడా కొత్త వాక్యం వెళ్ళి ఉంటుంది.

బయటికొచ్చి కారు దగ్గర నిలబడ్డాను. తలుపు తియ్యలేదు. దాని పక్కదీ తియ్యలేదు. "క్షమించండి" అంది, మెత్తని ఆడగొంతుతో. ఇంటికి ఎనిమిది కిలోమీటర్లు, సరే నడుద్దామనుకున్నాను. బైపాసు మీద నడిచే మనిషిని నేనొక్కదాన్నే. పోయే కార్ల కిటికీల్లో ఎవరి కొండలు వాళ్ళకు కనపడుతున్నాయి, నేను ఎవరికీ కనపడలేదు.

రెండు కిలోమీటర్లు వెళ్ళాక వెనక నుంచి హారను మోగింది. హారను విని ఎన్నేళ్ళయిందో, ఉలిక్కిపడ్డాను. వ్యాను. కుడి మూల బూడిద రంగు గీత అలాగే ఉంది. యార్డు నుంచి అప్పుడే తీసుకొస్తోంది.

మస్తాన్‌బీ ఇంజను ఆపలేదు. కిటికీలోంచి నా వైపు చూసింది.

"కాయితం చదివా మేడం. మీ పేరు మీరే రాసుకున్నారు."

"అవును."

"మీకెప్పుడు తెలిసింది?"

శనివారం అని చెప్పొచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. ఈ డైరీ తప్ప ఇంకెక్కడా లేదు, దీన్ని ఎవరూ చదవరు.

"గురువారం" అన్నాను. "పొద్దున పదింటికి."

ఆమె స్టీరింగ్ మీద వేళ్ళు ఒకసారి విప్పి మళ్ళీ బిగించింది. రోడ్డు మీద తెల్ల కారు ఒకటి పోయింది, ఇంకోటి పోయింది. తిట్టినా బాగుండేది. ఆమె వెనక్కి వంగి వెనక తలుపు గొళ్ళెం తీసింది.

"ఎక్కండి. రేపటికి ఆరు సీట్లూ నిండేవి. ఇప్పుడు ఒకటి ఖాళీ."

ఎక్కి ఆ సీట్లోనే కూర్చున్నాను.